పట్టకారమ్మ రాసిన రెండు ముక్కలు

పట్టకారమ్మ కట్టేసిన కుళాయిని మళ్లీ తిప్పాలంటే ప్లంబరు రావాల్సిందే. కోతలనుకునేవాళ్లు ఆమె ఉండే మేడగది కింద ప్రింటింగు ప్రెస్సులో అడిగి చూసుకోవచ్చు. పైకీ కిందికీ కలిపి మెట్ల పక్కన ఒకటే కుళాయి. ఆమె పొద్దున్నే బకెట్టు నింపుకుని, ఏదో ఆలోచిస్తూ ఒక్క మెలిక తిప్పి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ప్రెస్సాయన, ఆయన బావమరిది, కాగితం బండి తోలుకొచ్చే మనిషి వంతులవారీగా దాని మీద పడి వేలాడినా అది కదలదు. ఒకసారి గోడలోంచి గొట్టం ఊడొచ్చింది గానీ కుళాయి మాత్రం తిరగలేదు. ప్లంబరు వచ్చి అటూ ఇటూ చూసి, "దీన్ని కట్టింది మనిషేనా, క్రేనా?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్లు ఆస్పత్రి దుప్పట్లు పిండిన చేతులవి. పెద్ద లాండ్రీలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకుని మెలితిప్పే పని. ఆ చివర పట్టుకోవడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు, ఎందుకంటే ఈమె తిప్పుడికి దుప్పటితో పాటు వాళ్లు కూడా గిర్రున తిరిగేవారు. ఆమె పిండితే నీళ్లే కాదు, రంగు కూడా దిగేదనీ, ఒకసారైతే రోగి జ్వరం కూడా దిగిందనీ అక్కడ చెప్పుకునేవారు. చివరికి పిండే యంత్రం వచ్చింది. మొదటి రోజే ఆ యంత్రం పిండి పడేసిన దుప్పటిని ఆమె తీసుకుని ఇంకోసారి పిండి, కారిన నీళ్లను గ్లాసులో పట్టి, తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టింది. అర గ్లాసు పైనే. మేనేజరు ఆ గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. "నిజమేనమ్మా. కానీ దీనికి నడుం నొప్పి రాదు కదా," అన్నాడు. యంత్రం ఉండిపోయింది. ఆమె వచ్చేసింది.

అలా చిన్నపిల్లల బడిలో ఆయాగా చేరింది. మూడు గదులు, ఇసుక గుంట, జారుడు బల్ల, ముప్పై ఆరుగురు పిల్లలు. ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడం, పడినవాళ్లను లేపడం, పడనివాళ్లను పడకుండా చూడడం. అన్నిటికంటే పెద్ద పని తిండి డబ్బాల మూతలు. గంట కొట్టగానే ముప్పై ఆరు డబ్బాలూ ఆమె చుట్టూ చేరేవి.

"ఆయమ్మా, మూత!"

"నాది ముందు! మూత!"

ఆమె చేతికి అదో పని కాదు. ఒకటి తీసేలోపు రెండోది తెరుచుకునేది. కొన్ని మూతలైతే ఆమెను చూడగానే భయపడి వాటంతటవే లేచేవి. కానీ కొన్నాళ్లకు ఆమెకొక సంగతి కనబడింది. ఈ పిల్లలు మూతను పట్టుకోవడం లేదు, వేలి కొసతో తాకుతున్నారంతే. ఫోను అద్దం మీద బొమ్మను జరిపినట్టు ఒక్క వేలితో ఇలా తోసి, తెరుచుకోకపోతే ముఖం ముడుచుకుని ఆమె దగ్గరకొస్తున్నారు.

ఆ రోజు నుంచి ఆమె మూత పూర్తిగా తీయడం మానేసింది. సగం తిప్పి, "మిగతా సగం నా వల్ల కాదురా నాయనా, ముసలిదాన్నయిపోయాను. నువ్వే నాకు సాయం చెయ్యి," అని మూలిగేది. పిల్లలు పళ్లు బిగబట్టి తిప్పేవారు. తెరుచుకుంటే ఆమె వెనక్కి పడబోయినట్టు నటించేది. ఆ నటన కోసమే కొందరు తీసిన మూతను మళ్లీ పెట్టి, మళ్లీ తీసేవారు.

ఇక ఆమెకు దారి దొరికింది. గోధుమపిండిలో ఉప్పూ నీళ్లూ కలిపి ముద్ద చేసి, అందులో గోళీలు దాచి, ఏనుగు గుడ్లు పెట్టింది, వెతికి తీయండి అనేది. ఏనుగు గుడ్లు పెట్టదని ఎవరైనా అంటే, "నువ్వు చూశావా? నేను చూశాను. ఒక్కో గుడ్డూ మన జారుడు బల్లంత," అని కళ్లు పెద్దవి చేసేది. రెండు బకెట్లూ ఒక స్పాంజీ ఇచ్చి, ఈ సముద్రాన్ని ఆ సముద్రంలోకి మార్చమనేది. పాత పేపర్లు చింపించేది, ఆ ముక్కలన్నీ పైకి ఎగరేసి వాన కురిపించేది, ఆ వానను తర్వాత తనే ఊడ్చుకునేది. తుంపరగా నీళ్లు చిమ్మే సీసాతో కుండీల్లో మొక్కలకు జలుబు తెప్పించమనేది. తుమ్మేది మాత్రం తనే, మొక్క వెనకాల దాక్కుని.

కొత్త టీచరుకు ఇదేమీ నచ్చలేదు. చిన్నమ్మాయి, చదువుకున్న పిల్ల, అక్షరాల పుస్తకాలు చంకలో పెట్టుకునే తిరుగుతుంది.

"ఆడించుకుంటూ కూర్చుంటే వీళ్లు రాసేదెప్పుడు ఆయమ్మా?"

"చేతిలో సత్తువ లేకుండా రాతెక్కణ్నుంచి వస్తుంది టీచరమ్మా? పెన్సిలు పట్టేది వేలు కదా, పుస్తకం కాదు కదా?"

"మీరు ఎంతవరకు చదివారు?"

"మూడు. అదీ మూడోసారికి."

టీచరు నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వుతో ఆ రోజుకి పోట్లాట ఆగింది.

బడిలో ఇంత నోరున్న మనిషి గదికి వెళ్తే మాట్లాడడానికి గోడ తప్ప ఎవరూ లేరు. మంచం, స్టవ్వు, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనాలని చాలాసార్లు అనుకుంది గానీ, దాని మీద కూర్చునేదెవరో తేలక ఊరుకుంది. ఫోనుంది. చార్జింగు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, వాడితే కదా తగ్గడానికి. కిటికీ బయట తీగ మీద ఇరవై బట్టల క్లిప్పులుంటాయి. ఆరేసేది ఒక జత బట్టలు, ఒక టవలు. మిగతా క్లిప్పులు వరసగా తీగను పట్టుకుని ఖాళీగా ఉంటాయి. సాయంత్రాలు ఆమె చేతివేళ్ల కణుపులు పొంగేవి. వేడినీళ్లలో ముంచి కూర్చునేది. ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. తెలిస్తే పట్టకారమ్మ అన్న పేరు ఏమైపోవాలి?

అలాంటప్పుడు దూది వచ్చింది.

నాలుగున్నరేళ్ల పిల్ల. ఆ పిల్ల చేతిని చేతిలోకి తీసుకుంటే ఏదో తీసుకున్నట్టే ఉండేది కాదు. వేలు పట్టుకోమంటే పట్టుకునేది, కానీ పట్టుకున్నట్టు వేలికి తెలిసేది కాదు. పెన్సిలు ఇస్తే అది ఆ వేళ్ల మధ్య కాసేపు ఆలోచించుకుని కింద పడేది. మొదటి రోజే ఆయమ్మ, "ఇది పిల్లా, దూదా?" అంది. ఆ పేరు నచ్చి పిల్ల పకపకా నవ్వింది. అదే ఉండిపోయింది.

దూది తల్లి మందుల దుకాణంలో పనిచేసేది. ఇంట్లో తల్లీ కూతుళ్లు ఇద్దరే. దుకాణంలో పని ముగిసేసరికి ఆరవుతుంది. మిగతా పిల్లలందరూ నాలుగింటికి వెళ్లిపోయాక, ఆరింటి దాకా బడిలో మిగిలేది దూది ఒక్కతే. దూది కోసం ఆయమ్మ ఒక్కతే. నాలుగింటి నుంచి ఆరింటి వరకు ఆ రెండు గంటలూ పట్టకారమ్మకు పండగే. ఆ రెండు గంటల కోసమే మిగతా ఇరవై రెండు గంటలూ గడిపేసేది.

బడిలో ఒక నియమముంది. ఏడాది చివర పెన్సిలు పట్టి తన పేరు తాను రాసిన పిల్లలే పై తరగతికి. రాయనివాళ్లు అక్కడే ఇంకో ఏడాది. దూది విషయంలో కొత్త టీచరు ముందే పెదవి విరిచేసింది. పిల్ల మందకొడి, ఇంకో ఏడాది ఇక్కడే అని తల్లితో కూడా అనేసింది. తల్లి పిల్ల సంచి భుజాన వేసుకుని చరచరా నడిచి వెళ్లింది. వెనక నుంచి చూసిన ఆయమ్మకు ఆ నడకలోని కోపం తెలిసింది.

మర్నాడు తన తీగ మీది ఖాళీ క్లిప్పుల్లో పది తీసి జేబులో వేసుకుని వచ్చింది.

"ఇవేంటో తెలుసా? మొసలి పిల్లలు. ఆకలితో ఉన్నాయి. ఈ అట్ట తినాలట. నోరు తెరవాలంటే వెనక తోక నొక్కాలి."

దూది నొక్కింది. మొసలి నోరు తెరవలేదు.

"దీనికి పళ్ల నొప్పేమో," అంది దూది.

"అయ్యుండొచ్చు. రేపు అడుగుదాం."

రేపూ తెరవలేదు, ఎల్లుండీ తెరవలేదు. మధ్యలో పిండి పిసికారు, స్పాంజీ పిండారు, చిన్న రుమాలును ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు పట్టుకుని మెలితిప్పారు. ఇరవై రెండేళ్ల లాండ్రీలో ఎవరినీ తట్టుకోనివ్వని మనిషి దూది తిప్పుడికి గిర్రున తిరిగి ఇసుక గుంటలో పడేది. రోజూ పడేది. మూడో నెలలో ఒక సాయంత్రం దూది నాలుక బయటపెట్టి, రెండు వేళ్లతో నొక్కితే క్లిప్పు నోరు తెరుచుకుంది. అట్ట అంచును పట్టింది.

"తింటోంది! ఆయమ్మా, తింటోంది!"

"దూది పట్టయిందిరోయ్!" అని ఆయమ్మ కేకపెట్టింది. వినడానికి బడిలో ఎవరూ లేరు. అయినా పెట్టింది.

ఆ తర్వాత ఆట ముదిరింది. "మొసలీ, పట్టు!" అంటే దూది క్లిప్పు పెట్టాలి. "మొసలీ, విడుపు!" అంటే తీయాలి. పట్టడం సగం ఆట, వదలడం సగం ఆట అని ఆయమ్మ లెక్క. నొక్కి పట్టినవాడికే వదలడం తెలుస్తుంది, ఊరికే జారవిడిచేది వదలడం కాదు అనేది. దూదికి ఆ మాట అర్థమైందో లేదో గానీ, క్లిప్పులు మాత్రం పదీ పట్టేవి, పదీ వదిలేవి. ఒక రోజు పెన్సిలు కూడా పట్టింది. గీత గీసింది. గీత వంకరగా ఉంది గానీ, పెన్సిలు కింద పడలేదు.

బడిలో ఏడాదికి రెండుసార్లు ఇంటికి చీటీలు పంపుతారు. అక్షరాలూ అంకెలూ టీచరు రాస్తుంది. చివర ఒక్క గడి ఆయాది. రోజంతా పిల్లల్ని చూసేది ఆమే కాబట్టి రెండు ముక్కలు ఆమెవి కూడా ఉండాలని పెద్ద టీచరు పెట్టిన పద్ధతి. ఎప్పుడూ ఆయమ్మ నోటితో చెబితే టీచరు రాసేది. ఈసారి దూది చీటీ దగ్గరకు వచ్చేసరికి, "ఇది నేనే రాస్తాను, ఇలా ఇవ్వండి," అని లాక్కుంది. గంటసేపు కూర్చుంది. ఒక్కో అక్షరాన్నీ దుప్పటి పిండినట్టు పిండి రాసింది. ఎవరికీ చూపించకుండా మడిచి, తానే దూది సంచిలో పెట్టింది. ఆ రోజు ఇంటికెళ్తూ దారిలో కనబడినవాళ్లందరినీ పలకరించింది, తెలియనివాళ్లను కూడా.

మర్నాడు దూది రాలేదు.

జలుబు చేసుంటుందనుకుంది. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. నాలుగింటికి పిల్లలందరూ వెళ్లిపోయేవారు. ఆయమ్మ మాత్రం ఆరింటి దాకా అక్కడే ఉండేది. పది క్లిప్పులూ అట్టకు పెట్టేది, తీసేది. ఇసుక గుంట అంచున కూర్చుని గేటు వైపు చూసి చూసి కళ్లు కాయలు కాచాయి. పెద్ద టీచరు ఒకసారి తాళాలతో వచ్చి, "ఇంకా ఉన్నావా ఆయమ్మా? ఎవరి కోసం?" అంది.

"ఇసుక చదును చేస్తున్నాను."

ఇసుక అద్దంలా ఉంది. ఏడు రోజులుగా నాలుగింటి తర్వాత దాన్ని ఎవరూ తవ్వలేదు, ఆమె మాత్రం రోజూ చదును చేసింది.

పదో రోజు పెద్ద టీచరు దూది తల్లికి ఫోను చేసింది. మాట్లాడి, పెట్టేసి, ఆయమ్మను పిలిచింది. పక్కన కొత్త టీచరు కూడా ఉంది.

"నువ్వు ఆ పాప చీటీలో ఏం రాశావు?"

"మంచే రాశాను."

"నోటితో చెప్పు."

ఆయమ్మ నిటారుగా నిలబడి అప్పజెప్పింది. గంటసేపు పిండిన మాటలు, మరిచిపోయే సమస్యే లేదు. "పాపకు ఇప్పుడు పట్టు బాగా ఎక్కువైంది. పట్టు పట్టిందంటే విడవదు. ఇంట్లో కూడా చూసుకోండి."

కొత్త టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్ద టీచరు నుదురు కొట్టుకుంది.

"మొండిపిల్ల అని రాశావు ఆయమ్మా! పిల్ల మొండికేస్తోంది, ఇంట్లో అదుపులో పెట్టుకోండి అని. చదివినవాళ్లెవరికైనా అదే తోస్తుంది."

"చేతి పట్టండీ! చేతి గురించి కదా!"

"చెయ్యి అన్న మాట ఎక్కడ రాశావు?"

ఆయమ్మ ఆలోచించింది. రాయలేదు. ఆమెకు పట్టు అంటే చేతిదే. ఇంకో పట్టు ఉంటుందని తట్టలేదు.

"అది చదివి ఆవిడ మండిపడింది," అంది పెద్ద టీచరు. "మొదట మందకొడి అన్నారు, ఇప్పుడు మొండి అంటున్నారు, మీకు మా పిల్ల ఎలా ఉంటే నచ్చుతుంది అని అడిగింది. ఏం చెప్పను?"

కొత్త టీచరు మొదట నవ్వింది. ఆయమ్మ ముఖం చూసి ఆపేసింది. "దుకాణం ఎక్కడో నాకు తెలుసు. కావాలంటే నేనూ వస్తాను," అంది మెల్లగా.

"వద్దు టీచరమ్మా. కట్టింది నేను, తిప్పుకోవాల్సింది కూడా నేనే."

మందుల దుకాణం రెండు వీధుల అవతల. అద్దాల బీరువాలు, మందు వాసన, మాత్రల అట్టలు కత్తిరించే చిన్న కత్తెర. కౌంటరు వెనక దూది తల్లి ఎవరికో సీసా అందిస్తోంది. కౌంటరు కింద స్టూలు మీద దూది. ఆయమ్మను చూడగానే ఎగిరి గంతేసింది.

"పట్కారమ్మా!"

తల్లి తలెత్తింది. ముఖం గడియ పెట్టినట్టు మూసుకుంది.

"మా పాప మొండిదని రాసింది మీరేనా?"

"రాసింది నేనే అమ్మా. కానీ రాసింది అది కాదు."

"నాకు చదవడం వచ్చండీ."

"నాకే రాయడం రాదు. అదే చెప్పడానికొచ్చాను." ఆయమ్మ రెండు చేతులూ కౌంటరు మీద పెట్టింది. "పట్టంటే మొండితనం అనుకున్నారు మీరు. నేను రాసింది వేళ్ల పట్టు. ఈ పిల్ల చేతిలో పెన్సిలు నిలిచేది కాదు కదా? ఇప్పుడు నిలుస్తోంది. అది రాద్దామని కూర్చున్నాను. మీకు సంతోషమవుతుందని."

 ఎవరో తలనొప్పి మాత్ర అడిగితే తల్లి ఇచ్చి పంపింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"ఆ మాట నన్ను చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. నీ పట్టు నీదే, నీ పట్టే నిన్ను ముంచుతుంది అని. మా అక్క ఇప్పటికీ అంటుంది. పిల్లను కూడా అంటే ఊరుకోలేకపోయాను." ఆమె కౌంటరు లోపలి గోడ చూపించింది. మేకుకు వేలాడే మందుల చీటీల మీద వరసగా బట్టల క్లిప్పులు. "ఇంట్లో క్లిప్పులన్నీ తెచ్చి పది రోజులుగా ఇదే పని. తీయమంటే తీయదు. నిజంగానే మొండిదైంది అనుకున్నాను."

"తీయమని ఎలా అంటున్నారు?"

"తియ్యి అంటున్నాను. ఇంకెలా అంటారు?"

ఆయమ్మ వంగింది. "మొసలీ, విడుపు!"

దూది చకచకా క్లిప్పులన్నీ తీసి ఒళ్లో వేసుకుంది. తల్లి నోరు వెళ్లబెట్టింది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"రేపు పంపిస్తారా మరి?" అంది ఆయమ్మ. ప్రాణం లేచివచ్చింది ఆమెకు. "ఇంకో నెల ఆడిస్తే పేరు రాసేస్తుంది. కొత్త టీచరు కూడా చూసి..."

తల్లి నవ్వు ఆగింది.

"ఈ పక్క వీధి బడిలో చేర్చేశానమ్మా. సోమవారమే. ఇక్కడికి దగ్గర. నాలుగింటికి నేనే వెళ్లి తెచ్చుకుంటాను, ఆరింటి దాకా నా దగ్గరే ఉంటుంది." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ, "అక్కడ పెన్సిలిచ్చి చూశారు. పేరు రాసింది. ఇంత బాగా పట్టుకోవడం ఎవరు నేర్పారని అడిగారు. ఏమో, దానంతట అదే నేర్చుకుంది అన్నాను. నాకు తెలియదు కదా," అంది.

"అయ్యో, తెలియదు కదా," అంది ఆయమ్మ కూడా. "మంచిదే. దగ్గర. తల్లి దగ్గరే ఉంటుంది. అంతకంటే ఏం కావాలి!" ఆ మాటలన్నీ గబగబా అనేసింది. ఇంకా ఏదో అనాలని ఏనుగు గుడ్డు గురించి మొదలుపెట్టింది గానీ, ఆ గుడ్డు ఎంతుంటుందో ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

తల్లి చూపు కౌంటరు మీద ఉన్న ఆమె చేతుల మీద పడింది. "వేళ్లు వాచాయేంటండీ?"

"పట్టకారుకు వాపేమిటి? చలికి అలా..."

తల్లి బీరువాలోంచి నొప్పుల మందు గొట్టం తీసింది. ఆయమ్మ చెయ్యి చాచేలోపు దూది దాన్ని లాక్కుంది. పళ్లు బిగబట్టి, మూత తిప్పి, తెరిచింది. తెరిచి వెనక్కి పడబోయినట్టు నటించింది.

"చూశావా ఆయమ్మా, మూత!"

ఆయమ్మకు నవ్వు రాలేదు. కొంచెం మందు వేళ్లకు రాసుకుంది. దూది మూత మళ్లీ పెట్టి, నాలుక బయటపెట్టి, ఎంత బిగించగలదో అంతా బిగించి ఇచ్చింది. తర్వాత ఆయమ్మ చూపుడువేలు పట్టుకుంది. ఇప్పుడు వేలికి బాగా తెలిసింది. నొప్పి పుట్టేటంతగా తెలిసింది.

తల్లి, "పాపా, ఆయమ్మ వెళ్లాలి, వదులు," అంది. వదల్లేదు.

దుకాణంలోకి ఇంకెవరో వచ్చారు. ఆయమ్మ గుమ్మం వైపు చూసింది, దూది వైపు చూసింది. ఆ మాట అనగలిగేది తనొక్కతే.

"మొసలీ," అంది. ఇంకో చేత్తో కౌంటరు అంచు పట్టుకుంది. "మొసలీ, విడుపు."

దూది వెంటనే వదిలేసింది. చక్కగా, నేర్పినట్టే. స్టూలెక్కి కూర్చుని క్లిప్పులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

"అప్పుడప్పుడు రండి," అంది తల్లి.

"ఎందుకు రానూ," అంది ఆయమ్మ.

సాయంత్రం ఇంటి మెట్ల దగ్గర ప్రెస్సాయన ఎదురొచ్చాడు. "అక్కో, పొద్దున మళ్లీ బిగించావు! బావమరిదికి మణికట్టు బెణికింది."

"నువ్వూ పిండి పిసుకు తమ్ముడూ, సత్తువ వస్తుంది," అంది గానీ, ఆగకుండా పైకి వెళ్లిపోయింది.

గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, తీగ మీద మిగిలిన పది క్లిప్పుల వైపు చూసింది. కణుపులు లాగుతున్నాయి. జేబులోంచి మందు గొట్టం తీసి, రెండు వేళ్లతో మూత తిప్పింది. కదల్లేదు. ఇంకో కాస్త గట్టిగా మెలిక పెడితే చాలు, వచ్చేస్తుంది. ఆ సంగతి ఆమె చేతికి తెలుసు. ఆమె ఆ మెలిక పెట్టలేదు. గొట్టాన్ని అలాగే, మూత పెట్టినది పెట్టినట్టే, కిటికీ అరుగు మీద నిలబెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నొప్పిగానే ఉన్నాయి.

"అమ్మో!" అంది పైకే. "దీన్ని తీయాలంటే ప్లంబరు రావాల్సిందే."

గదిలో ఎవరూ నవ్వలేదు.